ఉన్నాడో లేడో చెప్పండి చాలు!

భర్త ఉన్న స్త్రీని ముత్తయిదువ అంటాం. పోతే వితంతువు అంటాం. మరి భర్త ఉన్నాడో లేడో తెలియని స్త్రీని ఏమనాలి? కాశ్మీరులో అలాంటివాళ్ళని 'సగం వితంతువులు' అంటున్నారు.

1989 తర్వాత అక్కడ మిలిటెన్సీ పెరిగింది. మిలిటెంట్ల తూటాలకు ఎందరో బలయ్యారు. పండితుల కుటుంబాలు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి వెళ్ళిపోయాయి. ఆ కన్నీళ్ళూ నిజమే. కానీ ప్రశ్నించి పంపిస్తామని భద్రతా దళాలు తీసుకెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే, ఇంటివాళ్ళు ఎవరిని అడగాలి?

పర్వీనా అహంగర్ అందరినీ అడిగింది. 1990 ఆగస్టులో ఆమె కొడుకు జావేద్‌ని అలాగే పట్టుకెళ్ళారు. పెద్దగా చదువుకోని ఆ గృహిణి క్యాంపులూ జైళ్ళూ ఆసుపత్రులూ కోర్టులూ తిరిగింది. 1994లో తనలాంటివాళ్ళని కూడగట్టి ఒక సంఘం పెట్టింది. ఏళ్ళ తరబడి వాళ్ళు నెలకోసారి శ్రీనగర్ ప్రతాప్ పార్కులో తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని కూర్చునేవారు. మాయమైనవాళ్ళు 8 వేలకు పైనే అని సంఘం అంచనా. ప్రభుత్వ లెక్క అంతకంటే చాలా తక్కువ. వాళ్ళలోనూ చాలామంది సరిహద్దు దాటిపోయారంటుంది.

భార్యల కష్టం ఇంకో రకం. మరణ ధృవపత్రం లేనిదే ఆస్తిలో వాటా రాదు, పరిహారం రాదు. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని చట్టం చెబుతోంది. ఆ ఏడేళ్ళూ పిల్లలకి అన్నం పెట్టేదెవరు? పోనీ, గడువు తీరాక 'మా ఆయన పోయాడు' అని ఏ భార్య చేతులారా సంతకం పెడుతుంది? మళ్ళీ పెళ్ళికి నాలుగేళ్ళు ఆగితే చాలని మతపెద్దలు ఒక మాట మీదికి వచ్చేసరికి 2013 అయింది.

2011లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ దర్యాప్తు బృందం ఉత్తర కాశ్మీరులో 38 చోట్ల పేరులేని సమాధుల్లో గుర్తు తెలియని శవాలు 2,156 ఉన్నాయని తేల్చింది. వాళ్ళు మిలిటెంట్లే అన్నారు పోలీసులు. అయితే డి.ఎన్.ఏ. పరీక్షలు చేయించి ఆ మాటే రుజువు చెయ్యొచ్చుగా? 2019లో ఆ కమిషనే రద్దయింది.

మనుషుల్ని మాయం చెయ్యడాన్ని నేరంగా చూసే అంతర్జాతీయ ఒప్పందం మీద 2007లో మన దేశం సంతకం చేసింది. ఆమోదముద్ర మాత్రం ఇంతవరకూ వెయ్యలేదు.

దేశభద్రత ముఖ్యం కాదని ఎవరూ అనరు. కానీ తీసుకెళ్ళిన మనిషి ఏమయ్యాడో చెప్పడం ఆ ఇంటి మీద చూపించే దయ కాదు, ప్రభుత్వం బాధ్యత. బతికుంటే చూపించాలి. చనిపోతే సమాధి చూపించాలి. తల్లీ భార్యా కడుపారా ఏడవడానికైనా ఒక జవాబు కావాలి కదా!