తండా బిడ్డ మాటకు లెక్క లేదా?

తండా బిడ్డ ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అంగన్‌వాడీలో వినేది తెలుగు. ఒకటో తరగతిలో చేతికొచ్చేది ఇంగ్లీషు పుస్తకం. మూడు భాషల బరువు ఆ లేత భుజాల మీదే!

2022-23 నుంచి సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. మంచిదే. ఆఫీసర్ల పిల్లలకు దక్కిన ఇంగ్లీషు తండాకు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ టీచరు మాటే అర్థం కాని పిల్లకు ఇంగ్లీషు ఎట్ల వస్తది? నోరు మెదపకుంటే మొద్దు అని ముద్ర వేయడం చదువు చెప్పడం కాదు, అవమానించడం.

2011 జనాభా లెక్కల్లో దేశమంతటా 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడీ అని రాయించారు. ఆ సంఖ్యను హిందీ ఖాతాలో కలిపేశారు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లంబాడీ లేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. తండా దాకా వచ్చేసరికి అది కాగితమే.

మన యాసను సినిమాల్లో విలన్లకు, జోకర్లకు అంటగడితే మండిపడ్డోళ్లం మనం. అదే ఎక్కిరింపు మన బడిలో లంబాడీ పిల్లకు ఎదురైతే మౌనమెందుకు?

లంబాడీ తెలిసిన టీచరును తండా బడికి ఇయ్యాలె. ఇంటి భాష నుంచి తెలుగుకు, ఇంగ్లీషుకు మెట్లు కట్టాలె. చదువుకున్న తండా విద్యార్థులు, ఉద్యోగులు ఈ డిమాండును ముందుకు తేవాలె. ఇంటి మాట ఇంగ్లీషుకు అడ్డం కాదు, ఆసరా.