పోయిన పాన్ సంఖ్య ఏ పేరు మీద ఉంది?

పాన్ కార్డు పోవడం మధ్యతరగతి ఉద్యోగికి ఒక పూట చికాకు. పాత ఫారం–16 తీసి చూస్తాడు, లేదా ఆడిటరుకు ఫోన్ చేస్తాడు, సంఖ్య దొరుకుతుంది. యాభై రూపాయలు కడితే నకలు కార్డు ఇంటికే వస్తుంది. మా మాలపల్లె నుంచి గుంటూరు వెళ్లి నాలుగేళ్లు కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలిగా పనిచేసిన ఒక అక్కకు మాత్రం అదే పనికి ఏడు నెలలు పట్టింది. ఆమె దరఖాస్తులు రాసిపెట్టింది నేనే.

2023లో కాంట్రాక్టరు మారాడు, ఆమె పని పోయింది. భవిష్యనిధి ఖాతాలో అరవై వేల పైచిలుకు ఉంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా యాభై వేలు, ఆ పైన తీసుకుంటే పన్ను కోస్తారు: పాన్ ఉంటే పది శాతం, లేకుంటే ఇరవై. తన ఆదాయం పన్ను పరిధిలోకి రాదని ఫారం 15జి ఇస్తే అప్పట్లో అసలే కోసేవారు కాదు. అయితే ఆ ఫారానికీ పాన్ కావలసి ఉండేది. పన్ను కట్టనక్కరలేని మనిషి, ఆ మాట చెప్పుకోవడానికి సంఖ్య లేక, పన్నెండు వేలు వదులుకోవాలన్నమాట.

నకలు కార్డు అడిగే దరఖాస్తులోనే పాన్ సంఖ్య రాయాలి. కొత్త పాన్ తీసుకుందామంటే, ఒకరికి రెండు ఉండకూడదు. అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 272బి సెక్షన్ కింద పదివేల జరిమానా ఉండేది. మరచిన సంఖ్యను రాబట్టాలంటే పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ చెప్పాలి. కులం అడ్డుపడింది ఇక్కడే.

పాన్‌లోని ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. దరఖాస్తులో ఇంటిపేరును పొడి అక్షరంగా రాస్తే ఒప్పుకోరు. పేరు చివర రెడ్డి, శర్మ ఉన్నవారికి ఆ గడి నింపడం తేలిక. మా పెద్దల ఇంటిపేర్లు కరణం చేతిలో ఒక తీరుగా, బడిపంతులు చేతిలో మరో తీరుగా పడ్డాయి. పుట్టినతేదీ సంగతి చెప్పనక్కరలేదు. మా వాడలో సగం మంది జూన్, జూలై నెలల ఒకటో తేదీనే పుట్టారు!

అంతకన్నా పెద్ద చిక్కు రెండు పేర్లది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టబెట్టింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సి అవుతారు, రిజర్వేషన్ ఒక శాతం. అందుకే బడిలో లక్ష్మి, చర్చిలో మేరీ. దీనిని మోసమనేవారున్నారు. అంటరానితనం మతంతో పాటు పోలేదని తెలిసీ హోదాను మతానికి ముడిపెట్టినవారిని వారు ఏమీ అనరు.

చివరకు సూక్ష్మరుణ సంస్థ పాత కాగితంలో అక్క పాన్ సంఖ్య దొరికింది. ఏజెంటు దానిని చర్చి పేరుతో తీయించాడు. ఆధార్ బడి పేరుతో ఉంది. పేర్లు కలవక రెండింటికీ లంకె పడలేదు. 2023 జూలై 1 నుంచి ఆ పాన్ పనిచేయని జాబితాలో ఉంది. వెయ్యి రూపాయల రుసుముతో పాటు, రెండు పేర్లూ ఒకరివేనని రుజువు పెట్టాలి.

ఆ రుజువు రేపు కుల విచారణలో ఎవరి చేతికి వెళ్తుంది? పన్నుశాఖ ముందు ఇచ్చే పేరు ప్రకటన కుల ధ్రువీకరణకు సాక్ష్యం కారాదని ప్రభుత్వం స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. పన్ను పరిధిలో లేనివారి భవిష్యనిధికి పాన్ షరతు తీసివేయాలి. ఇందుకు 1950 ఉత్తర్వు సవరణ దాకా ఆగనక్కరలేదు.

అక్క రుజువు పెట్టలేదు. ఇరవై శాతం కోయించుకుని మిగిలినది తీసుకుంది. అప్పటికి ఆమె కొడుకు ఎస్సీ ధ్రువపత్రం మీద ఇంటర్ చదువుతున్నాడు.