మజిలీ దగ్గర చెప్పే మాట

పుస్తకం పూర్తిగా చదివాకే దాని గురించి నోరు విప్పాలన్నది మనకు అలవాటైన మర్యాద. కవిత్వం విషయంలోనో చరిత్ర గ్రంథం విషయంలోనో ఆ మర్యాదను తప్పుపట్టనక్కర్లేదు. డిటెక్టివ్ నవల, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ అనే మూడింటికీ అదే కొలత పెడితే మాత్రం పుస్తకంలో పెద్ద భాగం మన లెక్కలోంచి జారిపోతుంది. ఈ మూడూ పాఠకుడి తెలియనితనం మీద కట్టిన కట్టడాలు. చంపిందెవరో తెలియదు, ఈ రాజ్యంలో మంత్రానికి హద్దు ఎక్కడో తెలియదు, ఈ గ్రహం మీద మనిషి అంటే ఏమిటో తెలియదు. నాలుగువందల పేజీల నవలలో మూడువందల ఎనభై పేజీలు పాఠకుడు ఆ తెలియనితనంలోనే కాపురం చేస్తాడు. సమీక్షకుడేమో చివరి ఇరవై పేజీల ఒడ్డుకు చేరాక వెనక్కి తిరిగి తీర్పు చెబుతాడు. అప్పటికి అతనికి అన్నీ తెలుసు. ఒకసారి తెలిశాక, తెలియనప్పుడు ఎలా అనిపించిందో ఉన్నదున్నట్టు గుర్తుచేసుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, పేజీ నంబరు వేసి రాసిపెట్టుకున్న అభిప్రాయానికి మన పత్రికల పుస్తకాల పేజీల్లో చోటుండాలంటాను. ఈ రకం నవలలకు అంతకంటే నమ్మదగిన సాక్ష్యం మరొకటి లేదు.

దీనికి మంచి ఉదాహరణ డిటెక్టివ్ కథ పుట్టినచోటే ఉంది. 1841లో డికెన్స్ రాస్తున్న 'బార్నబీ రడ్జ్' లండన్‌లో వారం వారం సీరియల్‌గా వస్తోంది. కథ ఇంకా తొలి అధ్యాయాల్లోనే ఉంది. ఆ ఏడాది మే 1న ఫిలడెల్ఫియా పత్రిక 'శాటర్డే ఈవెనింగ్ పోస్ట్'లో ఎడ్గార్ అలెన్ పో దాని గురించి రాస్తూ, కథలోని పాత హత్య వెనక ఉన్న గుట్టు ఇదీ అని ముందే ఊహించి చెప్పాడు. ఆయన సొంత డిటెక్టివ్ కథ 'ది మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్' అచ్చయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఇతరుల కథలో ఆధారాలు ఏరడం, తన కథలో ఆధారాలు పేర్చడం ఆయన ఒకే వసంతంలో చేశాడన్నమాట. అసలు హంతకుడి సంగతి సరిగ్గానే పట్టుకున్నాడు, మరికొన్ని విషయాల్లో పొరబడ్డాడు. నవల పూర్తయ్యాక 1842 ఫిబ్రవరిలో 'గ్రాహమ్స్ మ్యాగజీన్'లో మళ్లీ పెద్ద సమీక్ష రాశాడు. అందులో తన పాత ఊహలను దాచిపెట్టలేదు. వాటిని బయటపెట్టి, ఎక్కడ తప్పాయో ఒప్పుకుని, అలా తప్పడానికి డికెన్స్ కథను మధ్యలో హత్య గుట్టు నుంచి అల్లర్ల వైపు మళ్లించడమే కారణమని వాదించాడు. ఆయన పట్టుకున్న మరో లోపం ఇంకా విలువైనది. పాత్రల నోట ఎన్ని అబద్ధాలైనా పలికించవచ్చు గాని, రచయిత తన సొంత గొంతుతో పాఠకుణ్ణి తప్పుదారి పట్టించకూడదన్నాడు. 1929లో ఇంగ్లండ్‌లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాయడానికి ఎనభై ఏడేళ్ల ముందే, న్యాయంగా ఆడాలన్న ఆ సూత్రపు బీజం పో మాటల్లో ఉంది. నవలను చివరిదాకా చదివి మాత్రమే కలం పట్టుకునే మనిషికి ఈ లోపం అంత స్పష్టంగా కనిపించేది కాదు. మధ్యలో తను ఏమనుకున్నాడో అచ్చులో ఉంది కాబట్టే, ఎవరు ఎక్కడ మోసపోయారో, ఆ మోసం న్యాయమైనదో కాదో ఆయన తేల్చగలిగాడు.

తమ పాఠకుడు మధ్యలో ఆగి ఆలోచించాలని రచయితలే కోరుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఎలరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరు అమెరికన్ సోదర వరసవాళ్లు 1929లో తమ తొలి నవల 'ది రోమన్ హ్యాట్ మిస్టరీ'లోనే ముగింపుకు ముందు కథను ఆపి పాఠకుడికి సవాలు విసిరారు. ఆధారాలన్నీ నీ ముందున్నాయి, ఇప్పుడు చెప్పు అని. ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. చెట్టు మీద శవాన్ని దించి భుజాన వేసుకుని నడుస్తున్న విక్రమార్కుడికి బేతాళుడు కథ చెప్పి, సరిగ్గా ముడి బిగిసినచోట ఆపి ప్రశ్న అడుగుతాడు. తెలిసి కూడా చెప్పకపోతే తలకు ప్రమాదం. అంటే ఆ కథల కట్టుబాటు ప్రకారం మధ్యలో అభిప్రాయం చెప్పడం వినేవాడి బాధ్యత. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'లో గొల్లపిల్లవాడు దారిలో చూసిన ప్రతి వింత గురించీ అడుగుతాడు, గురువు మజిలీ దగ్గర దాని కథ చెబుతాడు. కాశీ చేరాక అన్నీ కలిపి చెబుతానని ఆ గురువు అనలేదు. కథ వినడం అంటే ఆగుతూ, అడుగుతూ, ఊహిస్తూ సాగడమని మన పెద్దలకు తెలుసు.

సైన్స్ ఫిక్షన్‌కు వస్తే ఈ వాదన ఇంకా బలపడుతుంది. లియు సిషిన్ 'త్రీ బాడీ ప్రాబ్లమ్' 2006లో చైనాలో పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవపు దృశ్యాలతో మొదలైంది. 2008లో పుస్తకంగా వచ్చేసరికి ఆ అధ్యాయాలను మధ్యకు జరిపారు. ఆ పుస్తకం తెరిచిన చైనా పాఠకుడికి మొదట కనిపించేది పోలీసులు, వరసగా ఆత్మహత్య చేసుకుంటున్న శాస్త్రవేత్తలు. కెన్ లియు ఇంగ్లిష్ అనువాదం 2014లో వచ్చింది. అందులో మళ్లీ 1967తోనే కథ మొదలవుతుంది. రెండు ప్రతుల్లోనూ ముగింపు ఒకటే, జరిగిన సంఘటనలూ అవే. చివరి పేజీ నుంచి మాత్రమే మాట్లాడే సమీక్షకుడికి ఈ రెంటికీ తేడా చెప్పడం కష్టం. నూరో పేజీ దగ్గర ఆగిన ఇద్దరు పాఠకుల్ని అడిగి చూడండి. ఒకరు పోలీసు కథ చదువుతున్నానంటారు. ఇంకొకరు ఒక దేశం తన పిల్లల్ని తానే చంపుకున్న చరిత్ర చదువుతున్నానంటారు. మనుషుల మీద నమ్మకం పోగొట్టుకున్న ఒక స్త్రీ తర్వాత తీసుకునే నిర్ణయం రెండో పాఠకుడికి ఎంత బరువుగా తగులుతుందో, మొదటివాడికి ఎంత అకస్మాత్తుగా తగులుతుందో చెప్పగలిగేది వాళ్ల నూరో పేజీ నోట్సు ఒక్కటే.

ఫ్రెంచ్ విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ బాగా పనికొస్తుంది. కళ్లెదుట జరుగుతున్నది ప్రకృతికి లోబడిందా, అతీతమైనదా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడే ఆ కాసేపే అద్భుత సాహిత్యం బతికి ఉండే కాలమన్నాడాయన. తేలిపోయిన మరుక్షణం అది వేరే జాతికి చెందిన కథ అయిపోతుంది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివినవాళ్లకు ఈ ఊగిసలాట గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. ఒకపక్క చేతబడి, మరోపక్క వైద్యం, హిప్నాటిజం. పాప ప్రాణం దేని చేతిలో ఉంది? వారం రోజులు ఆ ప్రశ్నతో గడపడమే ఆ నవల పాఠకుడికి ఇచ్చింది. ఇప్పుడు అదే నవలను ఒక్క రాత్రిలో ముగించి, మూఢనమ్మకాన్ని పెంచుతుందా తుంచుతుందా అని మాత్రమే చర్చించేవాళ్లు దాని ప్రాణం ఉన్నచోటును తాకకుండా వెళ్లిపోతున్నారు. ఆ చర్చ అవసరమైనదే, కాని అది పూర్తయిన కథ మీద చర్చ.

ఫాంటసీ విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సంపుటం 1954 జులైలో, రెండోది నవంబరులో వచ్చాయి. మూడోది వచ్చేసరికి 1955 అక్టోబరు అయింది. రెండో సంపుటం చివర కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కి ఉన్నాడు. తొలి పాఠకులు పదకొండు నెలలు అతణ్ణి అక్కడే వదిలేసి తమ పనులు చూసుకోవలసి వచ్చింది. మూడు సంపుటాలూ ఒకే అట్ట మధ్య కొనుక్కునే ఇవాళ్టి పాఠకుడికి ఆ దిగులు దొరకదు. రాస్తున్నప్పుడు రచయితకే దారి తెలియదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సత్రం మూలన కూర్చున్న స్ట్రైడర్ ఎవరో ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు తనకే తెలియదని టోల్కీన్ తర్వాత కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. రాసినవాడే మధ్యలో తడుముకుంటూ నడిచిన దారిని చదివేవాడు తడుముకోకుండా కొలవాలనడం ఏం న్యాయం?

ఈ వాదనకు బలమైన అభ్యంతరం మన అలంకారశాస్త్రం నుంచే వస్తుంది. నాటకంలో నిర్వహణ సంధిలో, అంటే ముగింపులో, అద్భుతరసం ఉండాలని భరతుడు చెప్పాడు. కథ అసలు ఫలం చివర్లోనే ఉన్నప్పుడు, పండకముందే కోసి రుచి చెప్పడం ఎందుకని అడగవచ్చు. కాని అదే భరతుడు ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ అని ముగింపుకు ముందు నాలుగు సంధులు చెప్పాడు. రసం పుట్టడానికి నిలిచి ఉండే స్థాయీభావం ఒక్కటే చాలదని, వచ్చిపోయే భావాలు 33 లెక్కపెట్టాడు. వాటిలో శంక ఉంది, చింత ఉంది, వితర్కం ఉంది, ఔత్సుక్యం, త్రాసం, మతి ఉన్నాయి. డిటెక్టివ్ నవల పాఠకుడి మనఃస్థితికి ఇంతకంటే మంచి పట్టిక ఎవరిస్తారు? పండు చివర్లోనే రావచ్చు. అది పండింది వీటిలో. ఈ సంచారి భావాలు పేరుకు తగ్గట్టే నిలవవు. నవల ముగిసేలోగా ఆవిరైపోతాయి. కాగితం మీద పెట్టకపోతే వాటికి సాక్షి ఉండడు.

రచయితకు అన్యాయం జరుగుతుందని రెండో అభ్యంతరం. యాభయ్యో పేజీ దగ్గర విసుగ్గా ఉందని రాసేస్తే, ఆ విసుగు తర్వాత ఫలించే ఎత్తుగడలో భాగమైతే? ఇది కాదనలేని మాట. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' మొదటి పేజీల్లో అర్థం తెలియని మాటలు వరదలా వచ్చి పడతాయి, పుస్తకం వెనక పదకోశం కూడా ఉంది. అక్కడే విసిగి మూసేసినవాడు చెప్పింది తీర్పుగా అచ్చేస్తే తప్పే. అందుకే సగంలో చెప్పే మాట సగంలో చెప్పినట్టే ఉండాలి. ఎన్నో పేజీ దగ్గర రాస్తున్నారో చెప్పాలి, ఏమి ఊహిస్తున్నారో తేల్చి చెప్పాలి, తర్వాత దిద్దకూడదు. బాగుంది, బాగాలేదు అన్న మాటలకన్నా 'ఈ డాక్టరు మీద నా అనుమానం, ఎందుకంటే ఇది' అన్న మాట వెయ్యి రెట్లు నయం. తప్పయితే ఆ తప్పు రచయిత నేర్పుకు ఆధారమవుతుంది. ఒప్పయితే ఆయన ఎక్కడ గుట్టు జారవిడిచాడో చూపుతుంది. ఎటు చూసినా రచయితకు నష్టం లేదు.

గుట్టు ముందే తెలిసినా ఆనందం తగ్గదని చూపిన ప్రయోగమూ ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 12 కథలతో చేసిన పరిశోధన 2011లో వెలువడింది. ముగింపు ముందే చెప్పిన కథల్నే పాఠకులు మొత్తం మీద కాస్త ఎక్కువ మెచ్చుకున్నారు. అలాంటప్పుడు తెలియనితనానికి ఇంత విలువ దేనికని వాదించవచ్చు. కాని అవి ఏకబిగిన చదివి ముగించే చిన్న కథలు. పది రోజులు వెంటాడే నవలకు, ఏళ్ల తరబడి సాగే సంపుటాలకు ఆ ఫలితాన్ని నేరుగా అతికించలేం. పైగా ఎంత నచ్చిందన్నది ఒక అంకె. ఏ పేజీలో ఏం జరిగిందన్నది ఆ అంకెలో కనిపించదు.

తెలుగువాళ్లకు ఈ అలవాటు ఒకప్పుడు నిండుగా ఉండేది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన జానపద సీరియళ్లు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కథలు, మధుబాబు షాడో కథలు, వారపత్రికల సీరియళ్లు మనల్ని మధ్యలో ఆగి మాట్లాడుకునే పాఠకులుగా తయారుచేశాయి. 'ఇంకా ఉంది' అన్న రెండు మాటలు ఊళ్లో చర్చకు తలుపు తీసేవి. పాఠకుల ఉత్తరాల పేజీ నడుస్తున్న సీరియల్ మీద ఊహలకు, పోట్లాటలకు వేదికయ్యేది. ఆ వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి, చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. సీరియల్ పోయిందని బాధపడతాం గాని, దానితోపాటు ఆ సంభాషణ కూడా పోయిందని ఎవరూ అనడం లేదు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కొత్త తెలుగు డిటెక్టివ్ నవలో సైన్స్ ఫిక్షనో వచ్చినప్పుడు పుస్తకాల పేజీ ఒక ఆదివారం సగం చదివినవారి మాట వేసి, రెండు వారాల తర్వాత పూర్తి సమీక్ష వేయవచ్చు. అదే మనిషి రెండూ రాస్తే మరీ మంచిది. గ్రంథాలయాల్లో చదువరులకు ఒక నోటుపుస్తకం పెట్టి, పేజీ నంబరుతో రాయమనవచ్చు.

సమీక్షకుడు నిలబడి తీర్పు చెప్పే ఆ చివరి పేజీ అసలే లేని నవల ఒకటుంది. 1870 జూన్ 9న డికెన్స్ చనిపోయేనాటికి 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' అనుకున్న పన్నెండు భాగాల్లో ఆరే పూర్తయ్యాయి. డ్రూడ్ బతికున్నాడా, చంపేశారా, చంపితే ఎవరు అన్నది రచయితతోనే వెళ్లిపోయింది. నలభై నాలుగేళ్ల తర్వాత 1914 జనవరిలో లండన్‌లో డికెన్స్ అభిమానులు కోర్టు కట్టి, కథలో అనుమానితుడైన జాన్ జాస్పర్‌ను బోనెక్కించారు. న్యాయమూర్తి స్థానంలో చెస్టర్టన్, జ్యూరీ పెద్దగా బెర్నార్డ్ షా. సాక్షుల్ని పిలిచారు, గంటల తరబడి వాదించారు. ఆ హాల్లో ఉన్న ఒక్కరికీ ముగింపు తెలియదు.