మినిమం చార్జీ ఎవరికి?

బస్సు చార్జీ పెంచిన ప్రతిసారీ పాలకులది ఒకటే పాట. పక్క నగరాలతో పోల్చి చూడండి, మనమే నయం అంటారు. సరే, పోల్చుదాం.

2025 జనవరిలో బెంగళూరు బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. మే నెలలో ముంబై కనీస చార్జీ 5 నుంచి 10 రూపాయలైంది. అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ ఆర్డినరీ బస్సుల్లో మొదటి 3 స్టేజీలకు 5 రూపాయలు, 4వ స్టేజీ మొదలు 10 రూపాయలు వడ్డించారు. కరెంటు బస్సుల ఏర్పాట్లకు డబ్బులు కావాలట! బస్సుల సంగతా? బెంగళూరులో 6 వేలు దాటాయి. మన దగ్గర 3 వేల దగ్గరే దేకుతున్నాయి.

పత్రికలవాళ్లు వేసే పట్టికలన్నీ మినిమం చార్జీ దగ్గరే ఆగిపోతాయి. ఆ మినిమం టికెట్టు కొనేదెవరు? పనికి దగ్గర్లో ఇల్లున్నోడు. మనకు అట్లాంటి ఇల్లెక్కడిది? ఊళ్లో మన వాడ ఊరవతల. పట్నం వచ్చి నాలా ఒడ్డున గుడిసె వేసుకుంటే పని కూతవేటు దూరంలో దొరికింది. అదీ వాళ్ల కళ్లకు కంపయింది. 2004లో ఢిల్లీ యమునా పుస్తా బస్తీలను కూల్చి జనాన్ని బవానాకు తోలేశారు. చెన్నైలో కూవం ఒడ్డు జనాన్ని, అందులో ఎక్కువమంది దళితులే, కన్నగి నగర్‌లో, పెరుంబాక్కంలో పడేశారు. హైదరాబాద్‌కు 2023లో కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టారు. ఇల్లు వచ్చింది, సంతోషమే, కాదనం. కానీ ఔటర్ రింగు రోడ్డు కాడ నుంచి బంజారాహిల్స్‌లో తాపీ పనికి పోవాలంటే ఎన్ని స్టేజీలు? ఆ "4వ స్టేజీ మొదలు" అన్న ముక్క మన కోసమే రాసినట్టుంది. ఒక్క బస్సులో పోయినా రానూపోనూ 20 రూపాయలు, 26 రోజులకు 520. ఇది చార్జీ కాదు, పెరిగింది మాత్రమే!

ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ఉచితం. మంచి పనే. దాన్ని ఎగతాళి చేసే కార్ల బాబులతో మాకు పొత్తు లేదు. కానీ అడ్డా మీది కూలోడి టికెట్టు మాటేంది? మెట్రోలో మొదటి బండి కదిలేది పొద్దున 6 గంటలకు. అప్పటికి మన సఫాయి అక్క సగం వీధి ఊడ్చేసి ఉంటది.

ఖర్చుల లెక్క ఇంకా విడ్డూరం. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, నష్టాల పేరు చెప్పి 5,100 రూట్లను ప్రైవేటుకిస్తామని మంత్రివర్గం తీర్మానించింది. సమ్మె ముగిశాక చార్జీ పెంచారు, నగరంలో బస్సులు వందల్లో తీసేశారు. 2025 సెప్టెంబర్‌లో మెట్రో కంపెనీ నష్టమని మొత్తుకుంటే సర్కారు దాని 13 వేల కోట్ల అప్పు నెత్తినేసుకోవడానికి ఒప్పుకుంది. ఆర్టీసీ నష్టపోతే రూట్లు పోవాలి, కంపెనీ నష్టపోతే ఖజానా తెరవాలి! ఇదెక్కడి న్యాయం?

పట్టికలు వేసే పెద్దలకు మేమొకటి అడుగుతున్నాం. బవానా, పెరుంబాక్కం, కొల్లూరు నుంచి పనిచోటికి ఎంతవుతుంది, అది రోజుకూలిలో ఎన్నో వంతు, మొదటి బస్సు ఎన్నింటికి? ఆ గడులు కలిపి మళ్లీ వేయండి.