ఆయిల్ సీలు మార్చే ముందు బ్రీదర్ పైపు చూసినారా?

ట్రాక్టరు కింద నూనె చుక్కలు పడగానే మెకానిక్ ఒకటే మాట అంటాడు, "వెనక క్రాంక్ సీలు పోయింది, బండి రెండు ముక్కలు చేయాల" అని. మనం తల ఊపుతాం. నేనూ అట్లే తల ఊపి నష్టపోయినా, అందుకే రాస్తాండా.

నాది పాత మాస్సీ 1035. పోయినేడు సరిగ్గా శనగ ఇత్తనం కాలంలో క్లచ్ జారడం మొదలైంది. ఆళ్లగడ్డలో ఒక షాపులో వేసినాను. బండి విప్పి సీలు మార్చినారు. సీలు ధర ఎంతనుకున్నారు? కూలిలో పదో వంతు కూడా కాదు. పది రోజులు తిరక్కుండానే మళ్లీ నూనె. ఆ లోపల నల్లరేగడిలో పదును ఆరిపోయింది. రెండు ఎకరాలు ఆలస్యంగా ఇత్తాల్సొచ్చింది, మొలక సగమే.

తర్వాత నంద్యాలలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకపోయినా. ఆయన పానా కూడా పట్టలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, నూనె పోసే మూత తీసి చేయి అడ్డం పెట్టినాడు. గాలి తన్నుతాంది. బ్రీదర్ పైపు ఊడదీస్తే లోపల కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టి ఉంది! ఇంజన్ లోపలి గాలి పోయే దారి మూసుకుంటే, అది నూనెను సీలు అంచు మీదుగా బయటికి తోస్తాది. కొత్త సీలయినా ఒకటే, పాతదయినా ఒకటే. పైపు శుభ్రం చేస్తే కారడం ఆగింది. కానీ నూనె తాగిన క్లచ్ ప్లేటు పనికి రాలేదు, దానికోసం మళ్లీ బండి విప్పినాం. రెండు సార్లు కూలి.

అందుకే నా మాట ఏందంటే, ముందు కారణం చూపించమని అడగండి. క్లచ్ గూడు అడుగున చిన్న బొక్క ఉంటాది. దాంట్లోంచి వచ్చే నూనె నల్లగా ఉంటే ఇంజన్‌ది. చిక్కగా, రంగు తేలిగ్గా ఉంటే గేరుబాక్సుది, అప్పుడు మార్చాల్సింది వేరే సీలు. బ్రీదర్ బాగున్నా మూతలోంచి పొగ తన్నుతుంటే రింగులు అరిగినాయని అర్థం. అట్లాంటప్పుడు సీలొక్కటే మారిస్తే డబ్బు దండగ.

విప్పక తప్పదంటే దగ్గరుండి చూడండి. క్రాంకు మీద సీలు ఆనే చోట గోరు ఆడించండి, గాడి తగిలితే కొత్త సీలు అదే గాడిలో కూర్చోకుండా రొంత పక్కకు పెట్టించాల, లేదా పైన స్లీవ్ వేయించాల. స్ప్రింగు ఉండే వైపు ఇంజన్ లోపలికి. అంచుకు నూనె పూయాల. పేస్టు పూసేవాళ్లను నమ్మొద్దు. క్లచ్ బేరింగు కూడా అప్పుడే మార్పించండి, దానికోసం ఇంకోసారి విప్పుకోకూడదు కదా.

"పాత బండి, అమ్మేసి కొత్తది తీసుకో, లోను ఇప్పిస్తాం" అనేవాళ్లు ఎదురైతాండారు. నూనె కారిందని బండి అమ్ముకోవడం నాకు నచ్చదు. ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీ వాళ్లు ఫెర్గూసన్ ట్రాక్టరుకు వేసిన ఇంజన్ కుటుంబంలోదే 1953లో వచ్చిన ట్రయంఫ్ టీఆర్2 అనే స్పోర్ట్స్ కారుకు కూడా వేసినారు. దాని క్రాంకు వెనక రబ్బరు సీలే లేదు, మర లాంటి గాడి నూనెను వెనక్కి తిప్పి పంపుతాది. అది కారడం మామూలే. అయినా అక్కడి ఆసాములు ఆ కార్లను డెబ్బై ఏండ్ల తర్వాత కూడా పోషించుకుంటాండారు, కొందరు దానికి రబ్బరు సీలు అమర్చుకుంటాండారు. వాళ్లకది సరదా. మనకు బండి అన్నం పెడతాది, మనం ఇంకెంత చూసుకోవాల?

ఇప్పుడు నా బండి కింద మరక లేదు. బ్రీదర్ మూతికి దోమతెర వల ముక్క కట్టినా. గుడ్డ మాత్రం కట్టొద్దండీ, దుమ్ముకు, నూనెకు అదీ మూసుకుపోతాది.