నా ఉత్తరం ముందు ఎవరు చదవాలి?

"ఫోనే మాట్లాడుతోంది కదండీ, ఇంకా ఈ చుక్కలెందుకు మీకు?" ఈ ప్రశ్న వినకుండా నేను ఏ సాహిత్య సభ నుంచీ ఇంటికి రాలేదు. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది నా స్నేహితురాళ్ళే, స్త్రీల రచనల మీద పుస్తకాలు వేసినవాళ్ళే. వాళ్ళని నేను తిరిగి అడుగుతాను: మీ కథ ప్రూఫుని ఎవరైనా పైకి చదివి వినిపిస్తే చాలా మీకు? కాగితం మీ చేతికి రానక్కర్లేదా? కవితలో పాదం ఎక్కడ విరిగిందో, 'శ' పడిందో 'ష' పడిందో వింటే తెలుస్తుందా? యంత్రం గొంతు పాదాలన్నిటినీ కలిపి ఒక్క గుక్కలో మింగేస్తుంది. నేను సాహిత్యం పాఠం చెప్పి బతికేదాన్ని. విన్నదాన్ని చదివానని ఎలా అనుకోను?

పైగా ఫోను గొంతెత్తి చదువుతుంది. హాస్టల్లో నలుగురితో గది పంచుకునే చూపులేని అమ్మాయి తన ఉత్తరాన్నీ, బ్యాంకులో ఉన్న డబ్బునీ, ఓటీపీనీ నలుగురికీ వినిపించి తను తెలుసుకోవాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చుగా అంటారు. రోడ్డు మీద నాకు దారి చూపేవి చెవులే. వాటిని మూసుకుని నడవమని మీ కూతురికి చెబుతారా? ఇక చూపుతోపాటు వినికిడీ లేని స్త్రీల సంగతి ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి తట్టనే తట్టదు.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. బ్రెయిలీ నోట్‌టేకర్ అంటే ఒళ్ళో పట్టే పెట్టె. పైన ఆరు చుక్కలకి ఆరు మీటలు, వాటి కింద స్పేస్. ముందు అంచున 18 గడులో 32 గడులో ఉంటాయి. ఒక్కో గడిలో ఎనిమిది సన్నటి పిన్నులు. కరెంటు తగిలితే వంగే పలుచని పలకలు వాటిని లేపుతాయి, దించుతాయి. వేలు కదిలే కొద్దీ వాక్యం కదులుతుంది. చప్పుడు లేదు, పక్కవాళ్ళకి కనపడేదీ లేదు. సొంత గది గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం కదా, నాకు దొరికిన సొంత గది ఇంత.

ఆ గదికి వైర్‌లెస్ వచ్చినప్పుడు నా సంతోషం చెప్పలేను. 2000లో న్యూజిలాండ్ నుంచి బ్రెయిల్‌నోట్ వచ్చింది, విండోస్ సీఈ అనే బుల్లి సాఫ్ట్‌వేర్ మీద. మొదట్లో వైర్‌లెస్ కావాలంటే విడిగా కార్డు కొని గుచ్చాలి. 2009లో వచ్చిన బ్రెయిల్‌నోట్ అపెక్స్‌లో వైఫై లోపలే అమర్చారు. ఇలాంటి యంత్రాలతోనే మెయిలు సరాసరి వేళ్ళ కిందికి వచ్చింది. అంతకుముందు అన్నయ్య చదివిపెట్టాలి, లేదా భర్త, లేదా స్టాఫ్ రూంలో ఎవరో ఒకరు. చదివేవాళ్ళు దాచే సంగతులుంటాయి, ముఖం చిట్లించే సంగతులుంటాయి, మర్నాడు ఊరంతా చెప్పే సంగతులూ ఉంటాయి. ఉత్తరాన్ని మొదట నేనే చదవడం నా వయసు నడుం దాటాక గాని నాకు దక్కలేదు.

దక్కింది ఎన్నాళ్ళు? ఇంటర్నెట్‌లో రహస్యంగా మాట్లాడుకునే పద్ధతులు మారుతుంటాయి. టీఎల్ఎస్ పాత రూపాలు 1.0, 1.1లని పెద్ద బ్రౌజర్లు 2020లో వదిలేశాయి. 2022 మే 30 నుంచి జీమెయిల్, వట్టి పాస్‌వర్డ్‌తో వచ్చే పాత సాఫ్ట్‌వేర్లకి తలుపు మూసింది. భద్రత కోసం చేసిన మార్పులే, కాదనను. కాని కొత్త పద్ధతి నేర్పాల్సిన కంపెనీ నేర్పకపోతే పాత యంత్రం ఒక్క రాత్రిలో మూగదవుతుంది. కొత్తవాటి కథా అంతే. 2016లో అమ్మకానికి వచ్చిన బ్రెయిల్‌నోట్ టచ్‌లో పెట్టింది 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4! పుట్టేటప్పటికే మూడేళ్ళ ముసలిది. ఆ 4.4కి గూగుల్ 2023లో తన సేవల మద్దతు ఆపేసింది. అయిదు వేల డాలర్లు దాటిన యంత్రాలివి. మన దగ్గర లక్షలు.

నా యంత్రం పేరు చెప్పను. జబ్బు ఒక్క కంపెనీది కాదు. దాని 32 గడులూ, 256 పిన్నులూ ఇవాళ్టికీ చక్కగా లేస్తున్నాయి. ఖరీదంతా ఆ పిన్నులదే. బాగున్నది అదే. చచ్చింది సాఫ్ట్‌వేర్, మరొకరెవరూ విప్పి బాగుచెయ్యకుండా తాళం వేసిపెట్టిన సాఫ్ట్‌వేర్. "కొత్త మోడల్ తీసుకోండి మేడం" అంటాడు అమ్మేవాడు, కొత్త చీర తీసుకోండి అన్నంత తేలిగ్గా.

దీనివల్ల ఏమవుతుందో ఒక్కటి చెబుతాను. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీలో నేను సభ్యురాల్ని. ఒక విద్యార్థిని ఫిర్యాదు మెయిల్లో వచ్చింది. నా యంత్రం అప్పటికే మెయిలు అందుకోవడం మానేసింది. కాలేజీ వైఫై సరే సరి, అది ముందు ఒక పేజీ తెరిచి బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమంటుంది. నా యంత్రానికి బొమ్మ అంటే ఏమిటో తెలియదు. ఆఫీసు గుమాస్తా సాయం చేస్తానని వచ్చాడు: "మీ పాస్‌వర్డ్ చెప్పండి మేడం, పెన్ డ్రైవ్‌లో వేసిచ్చేస్తా." ఫిర్యాదు చేసినామె ఎవరో బయటపెట్టకూడదని ఆ చట్టంలోనే 16వ సెక్షన్ ఉంది. అతని పొరపాటేం లేదు, అతను అలవాటు కొద్దీ అడిగాడు. నేను చదవాల్సినవన్నీ ముందు ఇంకొకరి కళ్ళ మీదుగా రావాలన్నది మా కాలేజీలో ఎవరికీ వింతగా అనిపించదు.

ఫోన్లో వినొచ్చుగా? విన్నాను. కాని విచారణలో ఆ అమ్మాయి ఎదురుగా కూచుని చెబుతున్నప్పుడు నా చెవులు ఆ అమ్మాయికి ఇవ్వాలి. తను రాసిన మాట, తేదీ, వరస అదే సమయంలో నా వేళ్ళ కింద ఉండాలి. చెవిలో యంత్రం గొంతు పెట్టుకుని ఒక ఆడపిల్ల కష్టం వినమంటారా? ఆ రాత్రి ఫోన్లోంచి మెమరీ కార్డులోకి, కార్డులోంచి యంత్రంలోకి మార్చుకునేసరికి రెండు గంటలు పట్టింది. ఈ కాలం పిల్లల్లాగే తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది కాబట్టి సరిపోయింది. తెలుగు లిపిలో రాసుంటే ఆ రెండు గంటలూ దండగే.

ఎందుకంటే నా యంత్రానికి తెలుగు రాదు. భారతి బ్రెయిలీని 1951లోనే మన దేశం ఒప్పుకుంది. అందులో 'అమ్మ'కి నాలుగు గడులు: అ, పొల్లు గుర్తు, మ, మ. నేను రాసుకుంటే నా వేళ్ళకి అది అమ్మే. దాన్ని ఫైలుగా పంపితే అవతలి తెర మీద "ఏ, ఎట్, ఎం, ఎం" అని పడుతుంది. తెలుగు చెయ్యడం అసాధ్యమేమో అనుకునేరు! ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన లిబ్‌లూయీ అనే బ్రెయిలీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు, మైకేల్ కరన్, జేమ్స్ టే, మొదలుపెట్టిన ఎన్వీడీఏ దాన్ని వాడుకుంటుంది, అదీ ఉచితమే. ఇప్పుడు నేను చేసేది అదే: ల్యాప్‌టాప్‌లో ఎన్వీడీఏ నడిపి, నా యంత్రాన్ని కేబుల్‌తో దానికి తగిలించి, గడుల్ని మాత్రం వాడుకుంటున్నాను. లక్షలు పోసిన బుర్ర పనికిరాకుండా పోయింది, పైసా తీసుకోని సాఫ్ట్‌వేర్ తెలుగు చదివిపెడుతోంది. ఆర్బిట్ రీడర్ లాంటి చవక యంత్రాన్ని ఫోనుకి బ్లూటూత్‌తో కలుపుకోమని కొందరంటారు. చాలామందికి అదే మేలు కూడా. అయితే దాన్ని సాకుగా చూపి, అమ్మిన యంత్రాల బాధ్యత నుంచి కంపెనీలు తప్పుకుంటే నేనొప్పుకోను. అప్‌డేట్లు ఆపేసిన రోజున తాళం తీసి ఇవ్వాలి. ప్రభుత్వ డబ్బుతో కొనే ప్రతి యంత్రానికీ తెలుగు పట్టికా, ఇన్నేళ్ళు అప్‌డేట్లిస్తామన్న రాతపూర్వక హామీ అడగాలి.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ సమాచార సాంకేతికత గురించే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమంది. కళ్ళు ఆర్పి చూపించమనే బ్యాంకు పరీక్ష ముందు ఓడిపోయిన యాసిడ్ దాడి బాధితులు తెచ్చిన కేసు అది. మొహం మీద యాసిడ్ పోసినవాడి గురించి మనం చాలా రాశాం. ఆ తర్వాత ఆమె బ్యాంకు ఖాతా ఎలా తెరుచుకుంటుందో ఎంతమందిమి రాశాం? అది "టెక్నాలజీ విషయం" అని పక్కన పెట్టాం. వంటింటి పనిని "ఇంటి విషయం" అంటే ఒప్పుకోని మనం!

ఇక మన పత్రికల సంగతి. తెలుగుకి యూనికోడ్‌లో చోటు 1991 నుంచీ ఉంది. అయినా చాలా పుస్తకాలు, పత్రికలు అను ఫాంట్లలో తయారై ఆ ఫైలే బయటికొస్తుంది. మీ తెర మీద అది తెలుగు. నా వేళ్ళ కింద అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల పోగు. స్త్రీల కథల సంకలనాలు ఎన్నో నాకు ఇలాగే వచ్చాయి, "మీ అభిప్రాయం తప్పక రాయండి" అన్న ఉత్తరంతో సహా. ఈ వ్యాసాన్ని నేను ఆరు మీటల మీద రాసి యూనికోడ్‌లో పంపిస్తున్నాను. అచ్చుకి ఏ ఫాంట్‌లోకైనా మార్చుకోండి. దిద్దిన ప్రతి మాత్రం నాకు యూనికోడ్‌లోనే తిరిగి పంపండి, ప్రూఫు నేనే చూసుకుంటాను.