ఆవకాయ మీద పడకండి, షుగర్ చూపించుకోండి

సికింద్రాబాద్‌లో ఆడదానికి కింద దురద పుడితే మొదట బోనెక్కేది ఆవకాయ. దాని వెనక వంకాయ, మామిడిపండు, కోడిగుడ్డు. "వేడి చేసిందమ్మా" అని అత్తగారి తీర్పు. సబ్జా గింజలు నానుతాయి, బార్లీ ఉడుకుతుంది, నెల గడుస్తుంది, దురద పోదు. ఇప్పుడు ఫోన్లో కొత్త అత్తగార్లు బయల్దేరారు. పంచదార, పళ్ళు, ఇడ్లీ, దోసె అన్నీ మానమంటారు, పులిసిందేదీ ముట్టొద్దంటారు, ఆఖర్న తమ పొడి డబ్బా కొనమంటారు. పాత అత్తగారే నయం, సబ్జాకి బిల్లు వెయ్యదు.

ఈ "కాండిడా డైట్" అమెరికా సరుకు. విలియం క్రూక్ అనే డాక్టరు 1983లో 'ది ఈస్ట్ కనెక్షన్' అనే పుస్తకం రాసి, అలసట నుంచి దిగులు దాకా అన్నిటికీ, ఈ దురద పుట్టించే కాండిడా అనే ఫంగసే మూలమన్నాడు. ఆ వాదానికి రుజువు లేదని అక్కడి అలర్జీ వైద్యుల అకాడమీ 1986లోనే తేల్చేసింది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థను పెట్టుకుని, మనం తిండి పాఠాలు రీల్స్‌లో నేర్చుకుంటున్నాం!

పెరుగు సంగతేమిటంటారా? రోజూ పెరుగు తింటే మేలని చెప్పిన 1992 నాటి అధ్యయనం 33 మందితో మొదలై 13 మందితో ముగిసింది. యాంటీబయాటిక్ వాడిన ఆడవాళ్ళకు లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా ఇచ్చి ఆస్ట్రేలియాలో చూశారు, 2004లో ఫలితం వచ్చింది: ఇన్ఫెక్షన్ ఆగలేదు. వెల్లుల్లి మాత్రలు కూడా 2014 నాటి పరీక్షలో తేలిపోయాయి. పెరుగు హాయిగా తినండి, కమ్మగా ఉంటుంది కాబట్టి. లోపల మాత్రం పూయకండి.

ఈ ఫంగస్ ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది ఒంట్లో చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా అది విజృంభిస్తుంది. జలుబుకి కూడా చీటీ లేకుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టే మందుల షాపు, కాపలా ఉన్న మంచి బాక్టీరియాను చంపి దానికి దారి తీస్తుంది. గర్భం వల్ల రావచ్చు. అన్నిటికన్నా మనం చూడనిది, చూడాల్సింది, రక్తంలో చక్కెర.

ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తిన్నందుకు ఆరోగ్యవంతురాలికి ఈ జబ్బు వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. అదుపు తప్పిన మధుమేహం ఉంటే కథ వేరు. మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే దురదే కొందరిలో షుగర్‌ను పట్టిచ్చే తొలి గుర్తు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. అలాంటి దేశంలో ఆవకాయ మాన్పించి రక్తపరీక్ష చేయించకపోవడం అజ్ఞానం కాదు, నిర్లక్ష్యం. తిండి మార్చాల్సింది ఇక్కడ: షుగర్ ఉన్నవాళ్ళు అన్నం, మిఠాయి తగ్గించి చక్కెరను అదుపులో పెట్టుకుంటే ఫంగస్‌కి మేత తగ్గుతుంది.

డాక్టర్లనూ వదలను. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు మొదటి పేటెంటు 2020లో తీరాక చౌక బ్రాండ్లు వెల్లువెత్తాయి. మంచి మందే, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తుంది. కానీ చక్కెరను మూత్రంలోకి తోసేయడమే దాని పని కాబట్టి అక్కడ ఫంగస్ పెరిగే అవకాశం ఎక్కువ. ఈ ముక్క ఎంతమంది ఆడ రోగులకు నోరు విప్పి చెబుతున్నారు? చెప్పకపోతే ఆవిడ ఆ దురదకి తన శుభ్రతనే తిట్టుకుంటుంది, ఇంకొకరు ఆవిడ నడతనే తిడతారు.

ఇంకో మాట. తెల్లబట్టంతా ఫంగస్ కాదు. అమెరికాలో సొంతంగా ఫంగస్ మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షిస్తే, అసలు ఆ జబ్బు ఉన్నది మూడోవంతుకే అని 2002లో తేలింది. విరిగిన పాలలా గడ్డలుగా, దురదతో వస్తే ఫంగస్ కావచ్చు. చేపల వాసన వేస్తే వేరే జబ్బు, వేరే మందు. ఫంగస్ అని తేలితే చాలామందికి 150 మిల్లీగ్రాముల ఫ్లూకోనజోల్ మాత్ర ఒక్కటి సరిపోతుంది. గర్భిణులు మాత్రం అది మింగకూడదు, వాళ్ళకి క్లోట్రిమజోల్ పూత మందులున్నాయి.

అమ్మా, గాంధీ ఆసుపత్రిలో గైనిక్ ఓపీ ఉంది. సిగ్గుపడకుండా వెళ్ళండి, షుగర్ పరీక్ష రాయమని అడగండి, వాడుతున్న మాత్రలన్నీ సంచీలో వేసుకెళ్ళి చూపించండి.